కొత్త ఫోను కొనే ముందు నంబరు సంగతి చూడండి

(పెరంబూరులో జరిగిన సంఘ సభ్యుల నెలవారీ సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ బోనసు గురించి మాట్లాడటం లేదు. కరువుభత్యం గురించీ కాదు. సెల్‌ఫోను గురించి మాట్లాడబోతున్నాను. వెనక వరసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. సంఘం ఆఫీసుకు ఈ మధ్య వస్తున్న ఫిర్యాదుల్లో మూడో వంతుకు ఫోనే మూలం. పి.ఎఫ్. రాలేదంటారు, తీరా చూస్తే ఓ.టి.పి. రాలేదు. పించను ఆగిందంటారు, తీరా చూస్తే నంబరు పోయింది. యాజమాన్యంతో పేచీ అయితే ఎలా నడపాలో మనకు తెలుసు. ఈ టవరుతో పేచీ ఎలా నడపాలో ఇంకా నేర్చుకుంటున్నాం.

మన సభ్యురాలు ఒకామె ఉంది. పేరు చెప్పను, ఇక్కడే కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా నూలు పని. కూతురికి కాలేజీ ఫీజు కట్టాలని పి.ఎఫ్. అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టబోయింది. ఆధార్‌లో ఉన్న నంబరుకు ఓ.టి.పి. పోతుంది కదా, ఆ నంబరు ఆమె దగ్గర లేదు. ఎందుకు లేదు? ఎనిమిది నెలల కిందట వీధిలో ఎవరో చెప్పారట, "అక్కా, ఈ బటన్ ఫోన్లు ఇంకో ఆరు నెలల్లో చచ్చిపోతాయి, 2జీ మూసేస్తున్నారు, 5జీ వచ్చేసింది, దీనితో సిమ్ము ఉచితం" అని. భయపడి కొనేసింది. కొత్త ఫోను, కొత్త సిమ్ము, కొత్త నంబరు. పాత సిమ్ము గూట్లో పడేసింది. రీఛార్జి లేక అది పోయింది.

ఆధార్ కేంద్రానికి పోయి నంబరు మార్పించుకోవాలి కదా. మార్చాలంటే వేలిముద్ర పడాలి. నూలు తెగినప్పుడల్లా ముడివేసి వేసి ఆ వేళ్ళు నున్నగా అయిపోయాయి. మొదటిసారి పడలేదు. రెండోసారి పోతే సర్వరు లేదన్నారు. మూడోసారికి పని అయింది. ఆ మూడుసార్లకూ మూడు రోజుల కూలి పోయింది. ఈలోగా ఫీజు గడువు వచ్చేస్తే కందువడ్డీకి అప్పు తెచ్చింది. అడ్వాన్సు వచ్చింది గానీ, అందులో ఎంత కాలేజీకి పోయిందో, ఎంత వడ్డీకి పోయిందో ఆమెనే అడగండి.

ఆ వదంతి లేకపోతే ఈ అప్పు లేదు. అందుకే ఇవాళ ఈ మాటలు.

రేపు ఏ ఫోను వస్తుంది, ఏ నెట్‌వర్కు వస్తుంది, ఏది పోతుంది అని టీకొట్ల దగ్గర మనవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉంటారు. మా తోడల్లుడికి 6జీ గురించి కూడా తెలుసు! ఈ మాటల్లో కొంత నిజముంది, కొంత గాలి ఉంది. ఏది నిజమో ఏది గాలో విడదీయాలంటే ఫోను టవరుతో ఎలా మాట్లాడుతుందో కొంచెం తెలియాలి. నేను పదో తరగతి దాకా చదివి మిల్లులో చేరినవాణ్ణి. నాకు అర్థమైందంటే మీకూ అర్థమవుతుంది.

మన చిన్నప్పుడు ఇంట్లో రేడియో ఉండేది. కొన్ని సెట్లలో మీడియం వేవు ఒక్కటే ఉండేది. మద్రాసు స్టేషను బాగా పలికేది. కానీ షార్ట్ వేవులో వచ్చే సిలోను హిందీ పాటలు వినాలంటే షార్ట్ వేవు ఉన్న సెట్టు కావాలి. పక్కింటివాళ్ళకు అది ఉండేది, మనం వాళ్ళ కిటికీ కింద నిలబడేవాళ్ళం. సెట్టు పాడైందా? లేదు. స్టేషను ఆగిందా? లేదు. ఆ వేవు ఈ సెట్టులో లేదు, అంతే. సెల్‌ఫోనూ ఒక రేడియోనే. టవరు ఏ వేవులో పంపుతుందో ఆ వేవు ఫోనులో ఉండాలి. దీన్నే బ్యాండు అంటారు. జియో 4జీకి 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ వాడుతుంది. బి.ఎస్.ఎన్.ఎల్. 4జీకి ముఖ్యంగా 700, 2100 వాడుతుంది. కొన్నేళ్ళ కిందటి చాలా 4జీ ఫోన్లలో 700 లేదు. కాబట్టి "నాది 4జీ ఫోనే, అయినా బి.ఎస్.ఎన్.ఎల్. 4జీ ఇంట్లో రావడం లేదు" అంటే సిమ్ము తప్పు కాకపోవచ్చు, ఫోనులో ఆ వేవు లేకపోవచ్చు.

ఇక జీ అంటే తరం. రింగ్ ఫ్రేము దగ్గర పనిచేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. స్పిండిలుకు తగిన బాబిను వేయాలి. పాత ఫ్రేము తీసేసి కొత్త ఫ్రేము పెడితే, పాత బాబిన్లు ఎంత గట్టివైనా మూల పడేయవలసిందే. 2జీ, 3జీ, 4జీ, 5జీ అన్నవి ఒక్కోటీ ఒక్కో రకం ఫ్రేము. కొత్త ఫోన్లలో పాత తరాలకు కూడా తగిన ఏర్పాటు ఉంటుంది. పాత ఫోన్లలో కొత్త తరానికి తగిన ఏర్పాటు ఉండదు. కంపెనీ తన ఫ్రేమును తీసేసిన రోజున మన బాబిను మూల పడుతుంది. ఆపిల్ కంపెనీ 2007లో తెచ్చిన మొట్టమొదటి ఐఫోను కూడా 2జీయే. అమెరికాలో ఏ కంపెనీ దాన్ని అమ్మిందో ఆ కంపెనీయే 2017 జనవరి నుంచి 2జీ ఆపేసింది. వేల రూపాయల ఫోనుకూ మన బటన్ ఫోనుకూ అక్కడ తేడా లేకపోయింది.

ఇంకొక చిక్కు ఉంది. 2జీలోనూ 3జీలోనూ మాటకు వేరే దారి, ఇంటర్‌నెట్‌కు వేరే దారి. 4జీలో మాటకు ప్రత్యేక దారి లేదు. మాటనే ముక్కలు చేసి ఇంటర్‌నెట్ దారిలోనే పంపాలి. దీన్ని వోల్టీ అంటారు. వోల్టీ లేని 4జీ ఫోను ఏం చేస్తుందంటే, కాలు రాగానే 2జీకో 3జీకో దిగిపోయి మాట్లాడుతుంది. దిగడానికి కింద మెట్టు ఉన్నంతకాలం పరవాలేదు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చినప్పుడు దానికి 2జీ, 3జీ మెట్లే లేవు. వట్టి 4జీ. అప్పటికి మన చేతుల్లో ఉన్న 4జీ ఫోన్లు కొన్నింటిలో వోల్టీ లేదు. ఇంటర్‌నెట్ వచ్చేది, నంబరు కొడితే కాలు పోయేది కాదు. దానికోసం వేరే ఆప్ వేసుకోవలసి వచ్చింది. "4జీ" అని డబ్బా మీద రాసి ఉండటం వేరు, ఆ 4జీలో మాట్లాడగలగటం వేరు.

ఇదేదో మన పేదదేశపు తంటా అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు చివర 3జీ మూసివేశారు. అక్కడ కొన్ని 4జీ ఫోన్లు మామూలు కాల్స్ 4జీలో మాట్లాడేవి గానీ, అత్యవసర నంబరు కొడితే మాత్రం 3జీకి దిగేవి. 3జీ పోయాక ఆ ఫోన్లతో అంబులెన్సును పిలవలేరు. అందుకని అలాంటి ఫోన్లకు నెట్‌వర్కే ఇవ్వకూడదని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. బాగున్న ఫోన్లు ఒక్క రోజులో పనికిరాకుండా పోయాయి. అయితే అక్కడ ముందు నుంచీ ప్రకటనలిచ్చారు, ఫోను నుంచి ఒక నంబరుకు మెసేజి పంపితే "మీది పనిచేస్తుంది", "మీది పనిచేయదు" అని జవాబు వచ్చే ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటు మాట మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మన మద్రాసు సంగతి చూద్దాం. సెల్‌ఫోను ఈ దేశంలో మొదలైంది 1995లో. ఆ ఏడాది జులై 31న కలకత్తా నుంచి జ్యోతిబసుగారు ఢిల్లీలో మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మద్రాసుకు ఇద్దరికే లైసెన్సులు ఇచ్చారు, స్కైసెల్, ఆర్.పి.జి. సెల్యులార్. మనకు ఫోను వస్తే మనమే డబ్బు కట్టాలి! ఆ అన్యాయం 2003 మే దాకా నడిచింది. మిల్లు మేనేజరు నడుముకు ఇటుకంత ఫోను కట్టుకుని తిరిగేవాడు, అది మోగితే మేమందరం పని ఆపి చూసేవాళ్ళం. స్కైసెల్ 2000లో ఎయిర్‌టెల్ చేతికి పోయింది. ఆర్.పి.జి.ని 2003లో ఎయిర్‌సెల్ కొన్నది.

అప్పుడే ఇంకో రకం వచ్చింది, గుర్తుందా? 2003లో రిలయన్సు వారి 501 రూపాయల ఫోను. 501 రూపాయలు చేత్తో కడితే ఫోను చేతికి. పెరంబూరు బారక్స్ రోడ్డు నుంచి ఓట్టేరి దాకా ఎవరి చొక్కా జేబులో చూసినా అదే. అది సి.డి.ఎం.ఏ. అనే వేరే రకం ఫ్రేము. అందులో సిమ్ము తీసి ఇంకో కంపెనీ సిమ్ము వేసే వీలు లేదు. ఫోనూ, నంబరూ, కంపెనీ మూడూ ఒకే ముడి. ఆ కంపెనీ ఫోను సర్వీసు 2017 చివర ఆగిపోయింది. దాని సి.డి.ఎం.ఏ. అంతకు ముందే పోయింది. ఆ ఫోన్లు ఏమయ్యాయి? పిల్లలు ఆడుకున్నారు.

తర్వాత ఎయిర్‌సెల్. చెన్నై సూపర్ కింగ్స్ ఆటగాళ్ళ చొక్కాల మీద పేరున్న కంపెనీ. తమిళనాట మనలాంటివాళ్ళ చేతుల్లో ఎక్కువగా ఉన్నది అదే. 2018 ఫిబ్రవరిలో టవర్లు పలకడం మానేశాయి. టవర్ల అద్దె బాకీలు, అప్పులు. ఆ నెల 28న కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది. నంబరు మార్చుకోకుండా కంపెనీ మార్చుకునే హక్కు మనకు 2011 జనవరి నుంచి ఉంది. కానీ ఆ పనికి ముందు పాత ఫోనులోకి ఒక మెసేజి రావాలి. టవరే లేకపోతే మెసేజి ఎలా వస్తుంది? షాపుల ముందు బారులు. చివరికి ట్రాయ్ జోక్యం చేసుకుని దారి చూపింది. అంత పెద్ద కంపెనీ అలా పోతుందని ఒక నెల ముందు ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు. మిల్లుల విషయంలో కూడా 1990లలో మనం అలాగే అనుకున్నాం. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు నూరేళ్ళకు పైగా నడిచి 1996లో మూతపడ్డాయి. ఆ గేటు ముందు నిలబడినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు.

ఫోను తరం మారితే వాడేవాళ్ళే కాదు, చేసేవాళ్ళూ రోడ్డున పడతారు. శ్రీపెరుంబుదూరులో 2006లో నోకియా ఫ్యాక్టరీ తెరిచారు. ఎనిమిది వేల మంది దాకా పనిచేసిన రోజులున్నాయి. ఎక్కువమంది ఊళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు. మన ఇళ్ళ నుంచి కూడా పోయారు, "మిల్లులా కాదు నాన్నా, ఏ.సి. ఉంటుంది" అని. అక్కడ చేసినవి ఎక్కువగా బటన్ ఫోన్లు. జనం తెర ఫోన్లకు మారారు. 2014లో నోకియా తన ఫోను వ్యాపారాన్ని మైక్రోసాఫ్టుకు అమ్మింది. పన్ను తగాదా వల్ల ఈ ఫ్యాక్టరీ ఆ బేరంలోకి పోలేదు. కొన్నవాడు ఇక్కడి నుంచి ఫోన్లు తీసుకోవడం మానేశాడు. 2014 నవంబరు 1న మూత. పాతికేళ్ళు నిండని పిల్లలకు స్వచ్ఛంద విరమణ! ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ షెడ్లలో తర్వాత వేరే కంపెనీ ఛార్జర్లు చేయించింది, ఆ చుట్టుపక్కలే ఇప్పుడు ఐఫోన్లు చేస్తున్నారు. పని వచ్చింది, నిజమే. కానీ 2014లో పోయినవాళ్ళందరికీ తిరిగి రాలేదు.

సరే, రేపటి మాట. టీకొట్టు ప్రశ్నలు ఒక్కొక్కటే తీసుకుంటాను.

2జీ మూసేస్తారా? ఇప్పుడు మన దగ్గర ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీని మూసింది, 2జీని మాత్రం ఉంచింది. ఎందుకు? బటన్ ఫోన్లు అంతమంది చేతుల్లో ఉన్నాయి కాబట్టి. జియోకు 2జీ లేదు. 2జీ, 3జీ పూర్తిగా మూసే విధానం తేవాలని 2024 జనవరిలో జియో ట్రాయ్‌కి రాసింది. అంతకు ముందు ఏడాది 999 రూపాయల జియోభారత్ ఫోను తెచ్చినప్పుడు, దేశంలో 25 కోట్ల మంది ఇంకా 2జీలోనే చిక్కుకుని ఉన్నారని చెప్పింది. తన దగ్గర లేని సరుకును పక్కవాడి అంగట్లో కూడా మూయించమనడం వ్యాపారం. మనం దాన్ని వార్తగా తీసుకుని ఫోను మార్చేయనక్కర్లేదు. ఒక రోజు 2జీ పోతుంది, సందేహం లేదు. ఆ రోజు ఇదీ అని తేదీ వేసి సర్కారు గానీ మీ కంపెనీ గానీ చెప్పేదాకా మీ బటన్ ఫోనును ఎవరూ చంపలేరు. వీధిలో చెప్పేవాడు అమ్మేవాడే అయి ఉంటాడు.

ఆ 999 ఫోను మంచిదేనా? చవక. 4జీ. కానీ ఆ ఫోనులో ఆ కంపెనీ సిమ్మే పనిచేస్తుంది. మళ్ళీ 501 రూపాయల ఫోను కథే. రేటు పెంచితే వేరే అంగడికి పోవాలంటే ఫోను పారేసి పోవాలి. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ రెండు మూడు రోజుల తేడాలో రేట్లు పెంచాయి. ఆ పూట బి.ఎస్.ఎన్.ఎల్.కు మారినవాళ్ళు లక్షల్లో. చేతికి సంకెల ఉన్న ఫోనుతో ఆ మారటం కుదరదు. నేనైతే కొంచెం ఎక్కువ పెట్టి ఏ సిమ్మయినా పట్టే ఫోను కొనమంటాను. చేతిలో డబ్బు లేనివాళ్ళను తప్పుపట్టను.

5జీ కావాలా? 2020, 21ల్లోనే 5జీ ఫోను అని ఎక్కువ ధరకు అమ్మారు. అప్పటికి దేశంలో 5జీ టవరే లేదు! 2022 అక్టోబరు 1న మొదలైంది. మొదలైన రోజున ఆ ఫోన్లన్నీ పలికాయా? లేదు. తయారుచేసిన కంపెనీ అప్‌డేటు పంపేదాకా చాలా ఫోన్లు కదలలేదు. లక్ష రూపాయల ఐఫోనులకు కూడా డిసెంబరులో గానీ రాలేదు. ఇంకా ఒక మెలిక ఉంది. ఎయిర్‌టెల్ తన 5జీని 4జీ మీద ఆనించి కట్టింది, జియో తన 5జీని దాని కాళ్ళ మీద నిలబెట్టింది. ఫోనుకు రెండూ తెలిసి ఉండాలి. జియో 5జీకి 3300 మెగాహెర్ట్జ్‌తో పాటు 700 కూడా కొన్నది. తక్కువ అంకె ఉన్న వేవు గోడలు దాటుతుంది. మన పట్టాళం, పుళియాంతోపు సందుల్లో గోడకు గోడ ఆనిన ఇళ్ళకు 700 అవసరం. అది లేని 5జీ ఫోను మెట్రో పని జరిగే రోడ్డు మీద ఐదు గీతలు చూపించి, వంటింట్లోకి రాగానే ముఖం వేలాడేస్తుంది.

నా మాట ఇది. పించను, పి.ఎఫ్., బ్యాంకు, పిల్లలతో వీడియోలో మాట్లాడటం, వీటికి వోల్టీ ఉన్న 4జీ ఫోను చాలు. ఉన్నది బాగుంటే ఉంచుకోండి. ఎలాగూ కొత్తది కొనాలి, ఐదారేళ్ళు రావాలి అంటే అప్పుడు 5జీ చూడండి, కొనేటప్పుడు 700 ఉందా అని, రెండు రకాల 5జీ పలుకుతుందా అని అడగండి. 5జీకి సిమ్ము మార్చాలని ఎవరైనా ఫోను చేసి ఓ.టి.పి. అడిగితే పెట్టేయండి. జియో, ఎయిర్‌టెల్‌లలో ఉన్న 4జీ సిమ్మే 5జీకి పనిచేస్తుంది. ఆ మాట మీద మోసపోయినవాళ్ళు ఉన్నారు.

బి.ఎస్.ఎన్.ఎల్. సంగతి. మనలో చాలామందికి ఆ కంపెనీ మీద అభిమానం ఉంది, నాకూ ఉంది. 2025 సెప్టెంబరు 27న దాని సొంత దేశీ 4జీని ప్రారంభించారు, 97,500 టవర్లు అని ప్రకటించారు. అభిమానం ఉన్నవాడిగానే చెబుతున్నాను, ప్రైవేటువాళ్ళు 4జీ తెచ్చి పదేళ్ళు దాటాక వచ్చింది. మీ దగ్గర పాత 2జీ, 3జీ కాలపు సిమ్ము ఉంటే వాళ్ళ కేంద్రంలో 4జీ సిమ్ముగా మార్పించుకోండి, నంబరు అదే ఉంటుంది. ఫోనులో 700, 2100 ఉన్నాయో లేదో చూసుకున్నాకే మారండి.

అల్లుడు అమెరికా నుంచి పంపిన ఫోను? ఇది మన ఇళ్ళలో పెరుగుతున్న జబ్బు. 2022 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ము పెట్టే సందే లేదు, అంతా లోపలి ఈ-సిమ్మే. కొన్ని ఫోన్లు అక్కడి కంపెనీకి తాళం వేసి ఉంటాయి, వాయిదాలు తీరేదాకా తాళం తీయరు. మా అన్న కొడుకు ఇలాంటి తాళం ఫోను ఒకటి సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చాడు. తెర అద్దంలా ఉంది. ఫొటోలు తీసింది, పాటలు పాడింది, కాలు మాత్రం పోలేదు. ఆరు వేలు పోసి టార్చిలైటు కొన్నాడని వాళ్ళమ్మ ఇంకా దెప్పుతుంది. రిచీ స్ట్రీట్‌లోనైనా బర్మా బజారులోనైనా పాత ఫోను కొంటే మీ సిమ్ము అక్కడే వేసి, అంగడివాడి ఎదుటే ఒక కాలు చేసి చూడండి. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ కొడితే పదిహేను అంకెల నంబరు కనిపిస్తుంది. కె.వై.ఎం. అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలూ వేసి 14422కు మెసేజి పంపితే ఆ ఫోను వివరం వస్తుంది. దొంగ ఫోనైతే అక్కడే తెలుస్తుంది.

6జీ, ఉపగ్రహం ఫోను? 6జీకి లోకమంతా 2030 ప్రాంతాన్ని లెక్క వేసుకుంటోంది. ఉపగ్రహం నుంచి నేరుగా ఫోనుకు అన్నది కూడా పెద్ద కంపెనీలు మాట్లాడుతున్న మాటే. దానికోసం ఇవాళ డబ్బు దాచుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. తోడల్లుడితో కూడా ఇదే చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఫోను పోతే ఇంకోటి కొనొచ్చు. నంబరు పోతే మన పని ఆగుతుంది. ఆధార్‌కు, పి.ఎఫ్. ఖాతాకు, బ్యాంకుకు, రేషను కార్డుకు అదే తాళంచెవి. ఉచిత సిమ్ము ఇస్తానంటే ఫోను తీసుకోండి, అందులో మీ పాత నంబరే వేయించుకోండి. కంపెనీ మారాలంటే పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కు పంపండి. ఒక కోడు వస్తుంది, దానితో కొత్త కంపెనీ అంగడికి పొండి. ఈ పని పాత సిమ్ము బతికి ఉండగానే చేయాలి. ఎయిర్‌సెల్ నాడు నేర్చుకున్న పాఠం అది.

వాడని నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ తీసేసుకోవచ్చు, తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీ బ్యాంకు మెసేజి ఆ ఇంకొకరికి పోతుంది. ఖాతాలో 20 రూపాయలు నిల్వ ఉంటే ప్రీపెయిడ్ నంబరును కొంతకాలం నిలబెట్టే నిబంధన 2013 నుంచి ఉంది. దాని వివరం మీ కంపెనీని అడిగి తెలుసుకోండి. ఇంటర్‌నెట్ అక్కర్లేని పెద్దవాళ్ళకు మాటకూ మెసేజికీ మాత్రమే రీఛార్జి ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది, 2025 జనవరి నుంచి ఆ ప్యాకులు వచ్చాయి. అంగడివాడు వాటిని తనంతట తాను చెప్పడు. గట్టిగా అడగండి. ధర మనం అనుకున్నంత తగ్గలేదు, అది వేరే పోరాటం.

కొడుకు పేరు మీద, మేస్త్రీ పేరు మీద, అంగడివాడి పేరు మీద ఉన్న సిమ్ములు మన సభ్యుల దగ్గర ఎన్నో. ఆ మనిషితో మాట చెడితే మీ పి.ఎఫ్. కూడా చెడినట్టే. మీ పేరు మీదికి మార్పించుకోండి. మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో సర్కారు వారి సంచార్ సాథీలో కనబడుతుంది, పిల్లల్ని చూపించమనండి.

ఆస్ట్రేలియా మాట మళ్ళీ వస్తానన్నాను. పాత నెట్‌వర్కు మూసే రోజు వస్తే, మూసేవాడు ముందుగా ఏడాదైనా నోటీసు ఇవ్వాలి, ఒక మెసేజి పంపితే నా ఫోను పనిచేస్తుందా లేదా అని తెలుగులో, తమిళంలో జవాబు రావాలి, పించనుదారులకు ఫోను మార్చుకోవడానికి సాయం చేయాలి. మిల్లు మూయాలంటేనే చట్ట ప్రకారం సర్కారు అనుమతి కావాలి, నోటీసు కావాలి. కోట్ల మంది పట్టుకున్న నెట్‌వర్కు మూయడానికి అంతకంటే తక్కువ ఎందుకు ఉండాలి? ఈ మూడు మాటలతో ట్రాయ్‌కి ఒక విన్నపం రాశాం. తెలుగు ప్రతి బయట బల్ల మీద ఉంది. చదివి, సమ్మతమైతే సంతకం పెట్టండి.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటల నుంచి సంఘం ఆఫీసులో ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుంటారు. ఒకడు మన నేత పనివాడి కొడుకు, ఫోన్లు బాగుచేస్తాడు. మీ ఫోను, సిమ్ము, ఆధార్ కార్డు, పి.ఎఫ్. నంబరు చీటీ తీసుకురండి. ఫోనులో వోల్టీ ఉందా, ఏ బ్యాండ్లు ఉన్నాయి, ఆధార్‌లో ఏ నంబరు ఉంది చూసి ఒక కాగితం మీద రాసి ఇస్తారు. వేలిముద్ర పడనివాళ్ళు పేరు రాయించండి, ముఖం చూపించి పించను సర్టిఫికేటు ఇచ్చే పద్ధతి 2021 నుంచి ఉంది, అది ఆ రోజే చేయిస్తాం. ఓ.టి.పి. మాత్రం మా కుర్రాళ్ళకు కూడా చెప్పొద్దు, మీ చేత్తోనే కొట్టండి. చార్జరు కూడా తెచ్చుకోండి, ఆఫీసులో ప్లగ్గులు రెండే ఉన్నాయి.